అత్తగారి రెండో క్లచ్చు

ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి ఒత్తులూ ఎక్కాలూ నేర్పి రిటైరయ్యాక, అరవై ఒకటో ఏట నేను కారు నేర్చుకోవడానికి వెళ్ళాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఇంట్లోవాళ్ళు నవ్విన దానికంటే ఎక్కువ మీరు నవ్వలేరు. మా ఆయనైతే, "ఏ రోజు ఏ వీధిలో నడుపుతావో పొద్దున్నే చెప్పు. ఆ రోజు ఆ వీధి మొహం చూడను," అన్నారు.

అయితే ఇది నా కథ కాదు. నాకు కారు నేర్పిన మాస్టారి భార్య కథ. ఆవిడ కారు నేర్పే బడిలో నలభై ఏళ్ళు ఉంది. రెండు వేల మందికి పైగా ఆవిడ చేతి మీదుగా వెళ్ళి లైసెన్సు తెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం అప్పటిదాకా ఒక్కసారి కూడా స్టీరింగు ముందు కూర్చోలేదు.

మాస్టారి అసలు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. అందరికీ క్లచ్ మాస్టారే. ఆయన దగ్గరున్న పాత నల్లకారుకి గేరు మార్చాలంటే క్లచ్చు ఒకసారి నొక్కితే సరిపోదు. నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కాలి. అందుకని ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా "ఒకటీ... రెండూ! ఒకటీ... రెండూ!" అని అరుస్తూనే ఉంటారు. పక్కవీధిలో పసిపిల్లలకి అంకెలు అలాగే వచ్చాయని చెప్పుకుంటారు. రెండు దాకా వచ్చి ఆగిపోతే ఆ తర్వాతవి నాలాంటివాళ్ళం బళ్ళో చెప్పుకున్నాం.

ఆవిడని నేను వదినా అంటాను. ఆవిడ నన్ను టీచరు వదినా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు, మొదటి రోజే కలిసిపోయింది. ఆవిడకి చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో ఎడమకాలు పట్టు తప్పింది. నడిచేటప్పుడు ఎడమచెయ్యి తొడ మీద ఆనించుకుని, కాలుని తోడు తెచ్చుకుంటున్నట్టు నడుస్తుంది. కాలితో తొక్కే కుట్టుమిషను కుదరదు కాబట్టి చేత్తో తిప్పే మిషను పెట్టుకుంది. ఆ నల్లకారు సీట్లకి తొడుగులన్నీ దాని మీద కుట్టినవే. ముదురు ఆకుపచ్చ గుడ్డ, అంచుకి తెల్ల దారం.

బడి అంటే పెద్ద హంగేమీ కాదు. వీధి వైపు ఒక గది, గది పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో కారు. మూతపడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో రంగు డబ్బాలు నిలబెట్టి తిప్పడం నేర్పేవారు. గదిలో రాజ్యం వదినది. గోడలకి ఆవిడ చేత్తో రంగులు వేసిన రోడ్డు గుర్తులు. బల్ల మీద సుద్దతో రోడ్లు గీసి, అగ్గిపెట్టెల్ని కార్లు చేసి, ఎవరు ఆగాలో ఎవరు వెళ్ళాలో చెప్పేది. నేను ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఆవిడ చెప్పడం చూసి సిగ్గుపడ్డాను. అంత బాగా చెప్పేది.

ఇంకో విద్య కూడా ఉండేది ఆవిడకి. గదిలో కూర్చుని వీధిలో పోతున్న కారుని చెవితో చూసేది. "అదిగో, రెండో గేరులో ఉండాల్సినవాడు మూడులోకి దూకాడు. ఇప్పుడు ఆగిపోతుంది చూడండి," అనేది. చెప్పినట్టే ఆగిపోయేది. కాసేపటికి మాస్టారి అరుపు వినిపించేది.

ఆ కారుకి ఆవిడ పెట్టిన పేరు అత్తగారు.

"అత్తగారు కాక ఇంకేమిటి చెప్పండి టీచరు వదినా? నేను కాపురానికి వచ్చేసరికే ఇంట్లో ఉంది. పొద్దున్నే పలకరించి, వేడి చేసి, ఒళ్ళు తుడిచి పెడితే గానీ గడప దాటదు. వాన పడితే అలుగుతుంది. మీ అన్నయ్యగారు నన్ను ఒక మాట అంటారు గానీ, దాన్ని అననివ్వరు."

నిజంగానే అది అత్తగారి లాగే ఉండేది. గుండ్రటి భుజాలు, పెద్ద కళ్ళ లాంటి దీపాలు, వెనక కోడిగుడ్డు లాగా కోలగా చిన్న కిటికీ. ముందు సీటు ఒకటే పొడుగాటి బల్ల లాగా ఉండేది, మధ్యలో అడ్డం ఏమీ లేదు. గేరు పుల్ల స్టీరింగు పక్కనే. తిరగాలంటే తలుపు పక్క స్తంభంలోంచి జానెడు నారింజరంగు చెయ్యి ఒకటి టప్పున పైకి లేచేది, కుడికైతే కుడిది, ఎడమకైతే ఎడమది. చలిరోజుల్లో ముందుకి వెళ్ళి ఇనప కడ్డీ పెట్టి తిప్పితే గానీ లేచేది కాదు. లేచాక మాత్రం ఒళ్ళంతా ఊగుతూ, నా కళ్ళజోడు ముక్కు మీదికి దిగేదాకా ఊరుకునేది కాదు.

నేర్పే కారు కాబట్టి పెడల్సు రెండు వైపులా ఉండేవి. నడిపేవాళ్ళ వైపు ఉండేవి ఎలాగూ ఉంటాయి. పక్కన మాస్టారు కూర్చునే చోట కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు. ఆయన పెళ్ళయిన ఏడాది సొంతంగా బిగించుకున్నవి. నా మొదటి నెలంతా క్లచ్చు ఆయనే నొక్కారు. నా కాలికీ నా బుద్ధికీ పొంతన కుదిరేది కాదు. నేను స్టీరింగు పట్టుకుని, గేరు పుల్ల లాగుతూ, నేనే నడిపేస్తున్నానని మురిసిపోయేదాన్ని. అడుగున ఆయన కాలు "ఒకటీ... రెండూ" అంటూ నా బదులు పని చేసేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అందుకే చెప్తున్నాను.

ఒకరోజు వాన పట్టుకుని పాఠం ఆగిపోయింది. గదిలో నేనూ వదినా టీ తాగుతూ కూర్చున్నాం. షెడ్డులో మాస్టారు కారు తుడుస్తున్నారు. నేను ఊరుకోలేక అడిగేశాను.

"వదినా, ఇన్నేళ్ళలో నువ్వెప్పుడూ నడపాలనుకోలేదా?"

ఆవిడ అగ్గిపెట్టెని బల్ల మీద ఇటునుంచి అటు జరిపింది. "ఎందుకనుకోలేదూ. పెళ్ళయిన మూడో నెలలో అడిగాను. ఒక్కసారి అత్తగారిని నడుపుతానండీ అన్నాను. ఆయన నవ్వి, క్లచ్చు తొక్కలేనివాళ్ళకి కారెందుకే అన్నారు."

"అంత మాట అన్నారా?"

"మంచిగానే అన్నారు లెండి. నవ్వుతూ అన్నారు. ఆయనకి ఆ మాట గుర్తు కూడా ఉండదు."

"మళ్ళీ అడగలేదా?"

"మళ్ళీ అదే మాట వినాలి కదా." అగ్గిపెట్టె బల్ల అంచుదాకా వెళ్ళి ఆగింది. "కానీ టీచరు వదినా, ఇప్పటికీ పొద్దున్నే ఆయన దాన్ని బయటికి తీసి వేడి చేస్తున్నప్పుడు నా కుడికాలు దానంతటదే నేలని నొక్కుతుంది. ఈ కాలు ఏం పాపం చేసింది చెప్పండి? దీనికి అంతా వచ్చు. దీని పక్కదానికే రాదు."

వాన తగ్గేదాకా ఇద్దరం అగ్గిపెట్టెల్ని వరసగా నిలబెట్టాం.

నాకు లైసెన్సు వచ్చిన పదిహేనో రోజున లైసెన్సుల ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆయనా వీళ్ళ దగ్గర నేర్చుకున్నవాడే. నేర్చుకునే రోజుల్లో రంగు డబ్బా ఒక్కటి కూడా నిలవనివ్వలేదట, అందుకని వదినకి ఇప్పటికీ డబ్బాల బాబే. యూనిఫాంలో వచ్చినా సరే.

"ఏం డబ్బాల బాబూ, ఇవాళ ఏం పడగొట్టడానికి వచ్చావు?" అంది వదిన.

అతను నవ్వలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మాస్టారూ, పై నుంచి కాగితం వచ్చింది. ఇంత పాత బండ్లు ఈ నెలాఖరు తర్వాత రోడ్డెక్కకూడదు. నేర్పడానికి అసలే కుదరదు. నేను చేయగలిగింది ఏమీ లేదు."

మాస్టారు షెడ్డు వైపు చూశారు. "దాన్ని ఏం చేస్తారు?"

"పాత కార్లంటే ప్రాణం పెట్టే ఒకాయన ఉన్నాడు. ఊరి చివర పెద్ద షెడ్డు. ఇలాంటివి పదకొండున్నాయి. తుడిచి, మెరిపించి, జాగ్రత్తగా పెట్టుకుంటాడు. ముక్కలు చేయరు మాస్టారూ, అది నేను చూసుకుంటాను."

"నడుపుతాడా?"

"నడపకూడదు కదా. నిలబెట్టి ఉంచుతాడు."

మాస్టారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. నేను వదిన కుడికాలు చూశాను. నేల మీద నెమ్మదిగా నొక్కుకుంటోంది.

నెలాఖరుకి ఇంకా ఇరవై రెండు రోజులు. వారం తిరక్కుండా బడికి కొత్త సెడాను వచ్చింది. తెల్లగా, పొడుగ్గా, మొహం మీద ఏ భావమూ లేకుండా. దానికి క్లచ్చు లేదు. గేరు మార్చే పని లేదు. తాళంచెవి తిప్పే పని కూడా లేదు, బొత్తాం నొక్కితే లేస్తుంది, లేచిందో లేదో తెలియదు. వెనక్కి వెళ్తే ముందున్న గాజుపలక మీద వెనకవైపు బొమ్మ కనిపిస్తుంది. బెల్టు పెట్టుకోకపోతే కూస్తుంది, తలుపు సరిగ్గా వెయ్యకపోతే కూస్తుంది. నేర్పే కారు కాబట్టి మాస్టారి వైపు ఒక బ్రేకు మాత్రం బిగించి పంపారు.

వదిన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది కొత్తకోడలు," అని తేల్చేసింది. "నోరెత్తి మాట్లాడదు. ఏదైనా నచ్చకపోతే కుయ్ కుయ్‌మంటుంది."

మొదటిసారి మాస్టారే నడుపుతానన్నారు. నేను పక్కన, వదిన వెనక. బొత్తాం నొక్కారు. "లేచిందా?" అన్నారు. "లేచినట్టే ఉంది," అన్నాను. చెయ్యి గుండె మీద పెట్టి చూసినట్టు డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టి చూశారు. "ఊపిరి లేదేమిటి దీనికి," అన్నారు.

వీధి మలుపుదాకా రాజాలా వెళ్ళింది. అక్కడ ఎదురుగా లారీ వస్తే నెమ్మది చేయాల్సి వచ్చింది. నలభై ఏళ్ళ అలవాటు కదండీ. మాస్టారి ఎడమకాలు దానంతటది లేచి, లేని క్లచ్చుని వెతుక్కుంటూ వెళ్ళి, ఉన్న బ్రేకు మీద ధన్ మని దిగింది. కారు అక్కడికక్కడ శిలైపోయింది. నా కళ్ళజోడు ముందు అద్దానికి తగిలి నా ఒళ్ళో పడింది. వెనక నుంచి ఎవరో హారన్ల కచేరీ మొదలుపెట్టారు.

"ఒకటి," అంది వదిన వెనకసీట్లోంచి.

"ఏయ్, నువ్వూరుకో!"

మళ్ళీ బయలుదేరాం. బజారు వీధిలో మళ్ళీ ఆ కాలు లేచింది. మళ్ళీ ధన్.

"రెండు," అంది వదిన.

నాకు నవ్వాగలేదు. మాస్టారి మొహం చూశాక ఆగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఈ ఊళ్ళో కారెక్కిన ప్రతివాడికీ కాలు ఎక్కడ పెట్టాలో చెప్పిన మనిషి, తన కాలు తన మాట వినకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలానికి చేరేసరికి ఆరుసార్లు అయింది. ఆయన కారు ఆపి, దిగి, ఒక డబ్బా మీద కూర్చుండిపోయారు.

"నా వల్ల కాదు. ఈ కాలుని కట్టేసి నడపాలి దీన్ని."

వదిన వెనక తలుపు తీసుకుని దిగింది. తొడ మీద చెయ్యి ఆనించుకుని కారు చుట్టూ తిరిగొచ్చి డ్రైవరు తలుపు దగ్గర నిలబడింది.

"కట్టేసిన కాలు నా దగ్గరుంది కదండీ. నేను కూర్చోనా?"

మాస్టారు తలెత్తి చూశారు. ఏమనుకున్నారో తెలియదు. లేచి వెళ్ళి పక్కసీట్లో కూర్చుని, తన వైపు బ్రేకు మీద కాలు పెట్టుకున్నారు. నేను బయటే నిలబడ్డాను, ఎందుకైనా మంచిదని డబ్బాలకి దూరంగా.

అబద్ధం చెప్పను, ఆవిడ మొదటి చుట్టుకే నడిపేసింది. ఎడమకాలు ఎక్కడ పెట్టుకుందో అక్కడ బుద్ధిగా కూర్చుంది. కుడికాలు నలభై ఏళ్ళుగా నేల మీద నేర్చుకున్నదంతా అప్పజెప్పింది. డబ్బాల మధ్య నుంచి పాములా మెలికలు తిప్పుతూ, ఒక్కదాన్ని కూడా తాకకుండా వెళ్ళింది. అద్దంలో చూడటం, చెయ్యి చూపించడం, ఆగడం, అన్నీ పాఠం ప్రకారం. పాఠం ఆవిడదే మరి. మాస్టారి కాలు బ్రేకు మీద అలాగే ఉండిపోయింది, నొక్కే అవసరం ఒక్కసారి కూడా రాలేదట.

కారాగాక ఆయన దిగలేదు. "నీకింత బాగా వచ్చని నాకు తెలియదే," అన్నారు.

"మీకెలా తెలుస్తుంది?" అంది వదిన. అంతే అంది.

డబ్బాల బాబు ఆ వారమే నేర్చుకునేవాళ్ళకిచ్చే కాగితం తనే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. నా సంబరం చూడాలి, నాకు లైసెన్సు వచ్చినప్పుడు కూడా అంత గంతులు వెయ్యలేదు. "వదినా, నీ కోరిక తీరిపోయింది!" అని రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను.

ఆవిడ నవ్వింది గానీ, ఆ నవ్వు సగంలో ఆగింది.

"బాగుంది టీచరు వదినా. కాదనను. మెత్తగా ఉంది, ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తుంది. నా కాలుని ఏమీ అడగలేదు, అది చాలా గొప్ప సంగతే. కానీ నేను అడిగింది దీన్ని కాదు కదా."

"కారు కారే కదా వదినా?"

"కాదు. దీన్ని నడుపుతుంటే ఇది నడుస్తోంది, నేను కూర్చున్నాను, అంతే. అత్తగారైతే ప్రతి మలుపులోనూ అడుగుతుంది. ఏం చేద్దామే, ఏ గేరు, ఎంత ఎక్సలరేటరు, ఎంత బలం అని. గదిలో కూర్చుని ఆ ప్రశ్నలన్నీ విన్నాను. మనసులో జవాబులు చెప్పుకున్నాను. ఒక్కసారి పైకి చెప్పాలనుంది. ఇంకో పది రోజులు పోతే అడగడానికి అదే ఉండదు." షెడ్డు వైపు చూసింది. "పోనీలెండి. తొక్కలేని కాలుకి ఇంతే రాసిపెట్టి ఉంది."

నేను ఇంటికి వచ్చి మా ఆయన మీద అకారణంగా విసుక్కున్నాను. అన్నం తినబుద్ధి కాలేదు. అంత చదువు చెప్పినదాన్ని, ఒక్క ఉపాయం తట్టలేదు నాకు.

నెలాఖరుకి ముందు రోజు. నల్లకారుని మర్నాడు మధ్యాహ్నం ఊరి చివర షెడ్డుకి అప్పజెప్పాలి. తీసుకునే ఆయన ఒక షరతు పెట్టాడు. కారు ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలట. అంటే మాస్టారి వైపు బిగించిన పెడల్సు రెండూ ఊడదీసెయ్యాలి. సాయంత్రం వెలుగు ఇంకా ఉండగానే మాస్టారు షెడ్డులో కారు కింద దూరారు. గదిలో నేనూ వదినా సీటు తొడుగులకి ఊడిన తెల్ల దారం మళ్ళీ కుడుతున్నాం. వెళ్ళేటప్పుడు మంచి బట్టలతో వెళ్ళాలని వదిన పట్టు.

షెడ్డులో స్పానరు చప్పుడు కాసేపు వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించలేదు.

చాలాసేపటికి మాస్టారు గది గుమ్మంలోకి వచ్చారు. మోచేతులదాకా గ్రీజు. చేతిలో ఒక పెడలు, దాని కడ్డీ. నలభై ఏళ్ళు ఆయన బూటు తొక్కి తొక్కి మధ్యలో నున్నగా అరిగి మెరుస్తోంది. దాన్ని పసిబిడ్డని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఇదిగో," అన్నారు. "ఇది క్లచ్చు."

"తెలుసండీ," అంది వదిన సూది ఆపకుండా.

"నా వైపుది."

"అదీ తెలుసు."

"నేను నొక్కితే సరిపోయేది కదే. నువ్వు అటువైపు కూర్చుని నడుపుతుంటే, ఇటు నేను నొక్కితే సరిపోయేది. ఊళ్ళో అందరికీ నొక్కాను. మొన్నటికి మొన్న టీచరుగారికి నెలరోజులు నొక్కాను." ఆయన పెడలు వైపు చూస్తూ మాట్లాడుతున్నారు. "ఇప్పుడు బోల్టు తిప్పుతుంటే తట్టింది. నీకు తెలుసా ఈ సంగతి?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

వదిన దారం తెంపి, సూదిని గుడ్డకి గుచ్చింది. "మీరు బిగించిన రోజు నుంచి. టార్చి పట్టుకున్నది నేనే కదా. అంతకు రెండు నెలల ముందే నడుపుతానని అడిగి ఉన్నాను. అందుకని, నాకోసమే బిగిస్తున్నారనుకున్నాను. పొద్దున్నే లేచి మంచి చీర కట్టుకున్నాను. మీరు షెడ్డు తలుపు తీశారు. ఎవరో కుర్చీల దుకాణం ఆయనట, మొదటి పాఠానికి వచ్చి సీట్లో కూర్చున్నాడు."

నా వైపు చూడకండి, నాకూ తట్టలేదు. నెలరోజులు ఆ పెడలు మీద బతికినదాన్ని నాకే తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది?

"చెప్పొచ్చు కదే," అన్నారు మాస్టారు. "ఒక్క మాట."

"మీకే తట్టాలనుకున్నాను. ఇవాళ తడుతుంది, రేపు తడుతుంది అనుకుంటూ ఉన్నాను. తర్వాత అలవాటైపోయింది."

క్షమించమనడం మాస్టారికి చేతకాదు, చేతనైనది ఒకటే. వెనక్కి తిరిగి షెడ్డులోకి వెళ్ళారు. కాసేపటికి స్పానరు చప్పుడు మళ్ళీ మొదలైంది. వదిన తల కొంచెం పక్కకి వంచి వింది.

"ఊడదీయడం కాదు," అంది నెమ్మదిగా. "బిగిస్తున్నారు. ఆ చప్పుడు వేరు." అని లేచి, గోడకి తగిలించిన టార్చి తీసుకుని, తొడ మీద చెయ్యి ఆనించుకుని షెడ్డులోకి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో వాళ్ళిద్దరి తంతు చూడటానికి రెండు కళ్ళూ చాల్లేదు. వదిన స్టీరింగు ముందు, వీపు వెనక రెండు దిండ్లు. మాస్టారు పక్కన, కాలు క్లచ్చు మీద. కారు ముందూ వెనకా నేర్చుకునేవాళ్ళ పలక. కారు వేడెక్కి ఒళ్ళంతా ఊగుతోంది.

"నేను ఒకటంటే నొక్కండి," అంది వదిన.

"నాకే చెప్తున్నావా?"

"మరెవరికి? ఒకటి!"

నొక్కారు. ఆవిడ గేరు వేసింది. ఆయన కాలు ఒక్కసారిగా వదిలేశారు. కారు కప్పలా గెంతి ఆగిపోయింది.

"నెమ్మదిగా వదలాలి మాస్టారూ," అంది వదిన. "రెండు వేల మందికి చెప్పారు కదా."

"నువ్వు ఎక్సలరేటరు తక్కువిచ్చావు!"

"నేను సరిగ్గానే ఇచ్చాను. మీరు కంగారుపడ్డారు."

రెండోసారి గేర్లు గరగరమని పళ్ళు నూరాయి. మూడోసారి మళ్ళీ గెంతింది. నేను దూరం నుంచి "వదినా, కానీ!" అని అరుస్తూ, ఆటల పోటీల్లో పిల్లల్ని ఉత్సాహపరిచినట్టు చేతులు ఊపుతున్నాను. నాలుగోసారి ఇద్దరూ మాటలు మానేశారు. ఆవిడ గొంతు ఒక్కటే వినిపించింది.

"ఒకటీ... రెండూ."

నల్లకారు కదిలింది. గెంతలేదు, గరగరమనలేదు. "ఒకటీ... రెండూ." రెండో గేరు. నా చెవులకి కూడా తెలిసింది ఆ మార్పు, లాగినట్టున్న గొంతు కాస్తా హాయిగా దిగింది. డబ్బాల చుట్టూ తిరిగి నా ముందు నుంచి వెళ్తుంటే చూశాను. వదిన మొహంలో నవ్వు లేదు. నవ్వుకి చోటు లేనంత పనిలో ఉంది. ఎవరో అడుగుతుంటే జవాబులు చెప్తున్న మొహం అది. మాస్టారు మాత్రం రోడ్డు చూడటం లేదు. ఆవిడ నోరు చూస్తున్నారు, ఎప్పుడు ఒకటంటుందో అని.

మధ్యాహ్నం ఊరి చివరికి కూడా ఆవిడే నడుపుతానంది. డబ్బాల బాబు ముందే చెప్పి ఉంచాడు, పక్కన నేర్పేవాడు ఉంటే దారిలో ఎవరూ ఆపరని. వాళ్ళని వెనక్కి తీసుకురావడానికి కొత్తకోడలిని నేను నడుపుకుంటూ వెనకాల వెళ్ళాను. పెడల్సు సంగతి ఏమిటని మాస్టారిని అడిగాను. "స్పానరు జేబులో ఉంది. అక్కడికెళ్ళాక ఊడదీస్తాను. దారి పొడుగునా పని ఉంది దాంతో," అన్నారు.

వెనక నుంచి ఆ కోల కిటికీలో రెండు తలలు కనిపిస్తూనే ఉన్నాయి. ముందు సీటు మధ్యలో అడ్డం లేదని చెప్పాను కదా, రెండు తలలూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. గేరు మారినప్పుడల్లా మాస్టారి తల కొంచెం కిందికి దిగేది. ఒకసారి, వెంటనే ఇంకోసారి. నా కారు మాత్రం ఊపిరి చప్పుడు కూడా లేకుండా, చల్లగా, ఎవరి సాయమూ అక్కర్లేకుండా నడుస్తోంది. నాకు మొదటిసారి దాని మీద జాలేసింది.

ఊరి చివర గుండ్రటి కూడలి వచ్చింది. ఎడమవైపు తిరిగితే అల్లంత దూరంలో షెడ్డు. గేటు బార్లా తీసి ఉంది, తీసుకునే ఆయన గేటు దగ్గర నిలబడి మా కోసమే చూస్తున్నాడు. చేతిలో మెత్తటి పసుపుగుడ్డ కూడా ఉంది, తుడవడానికి తొందరగా ఉన్నట్టు. నేను ఎడమ దీపం వేసుకుని వేగం తగ్గించాను.

నల్లకారు కూడా తగ్గింది. మాస్టారి తల దిగింది, లేచింది, దిగింది. నేను ఎడమ స్తంభం వైపే చూస్తున్నాను, ఆ నారింజరంగు చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని.

లేచింది కుడి చెయ్యి.

నల్లకారు గేటు వైపు తిరగకుండా కూడలి చుట్టూ తిరిగింది. గేటు దగ్గరున్న ఆయన పసుపుగుడ్డ పైకెత్తి ఊపాడు, దారి తప్పారనుకున్నాడో ఏమో. చుట్టు పూర్తయి మళ్ళీ అక్కడికే వచ్చాం. మళ్ళీ కుడి చెయ్యే లేచింది.

నేను ఎడమ దీపం ఆర్పి కుడిది వేశాను. కొత్తకోడలు కుయ్ మనలేదు. టిక్కు టిక్కుమంటూ అత్తగారి వెనకాలే తిరిగింది.